నందన చేను: అమలాపురంలో పాత కాగితాలు చదివిపెట్టే మాస్టారి దగ్గర మా అనుభవం

అమలాపురం గడియార స్తంభం సెంటర్ నుంచి రెండు సందులు లోపలికి వెళ్తే ఒక జిరాక్స్ షాపు ఉంది. దాని పక్కన మెట్లెక్కితే పైన ఒకటే గది. మెట్ల దగ్గర చిన్న రేకు బోర్డు మీద 'పాత దస్తావేజులు చదివి సాఫు ప్రతి రాసి ఇవ్వబడును' అని ఉంటుంది. పేరు లేదు, ఫోన్ నంబరు లేదు. అక్కడ కూర్చునే ఆయన్ని అందరూ మాస్టారు అంటారు. చేసింది సర్వే డిపార్టుమెంటులో ఉద్యోగం. రిటైరయ్యాక ఈ పని పెట్టుకున్నారు. తన పేరు రాయొద్దని చెప్పారు కాబట్టి రాయడం లేదు. కింద జిరాక్స్ కుర్రాడిని అడిగితే పైకి పంపిస్తాడు.

మా వంశం సంగతి తేల్చుకోవడానికి ఆయన దగ్గరికి వెళ్ళాం. ఐదు నెలలు పట్టింది. మొత్తం 9,400 రూపాయలైంది. అందులో ఆయన ఫీజు 6,000, మిగతాది ఆఫీసుల్లో కట్టిన నకలు ఫీజులు, కాకినాడ రాకపోకల ఛార్జీలు. ప్రతి రూపాయికీ రసీదు ఇచ్చారు. లోపాలు కూడా ఉన్నాయి, అవీ రాస్తాను. కానీ ముందే చెప్పేస్తున్నాను, ఆ డబ్బుకి పదింతలు ఇచ్చినా మాకు దొరకని సంగతి ఆయన వల్ల దొరికింది.

ముందు మా ఇంట్లో చెప్పుకునే కథ చెప్పాలి.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నేను పెళ్ళయి పాలకొల్లు వచ్చాను. నాన్న ఇంకా ఆ ఊళ్ళోనే ఉంటారు. ఎనభై రెండేళ్ళు. ఆయన చిన్నప్పటి నుంచి విన్నదీ, మాకు చెప్పిందీ ఇది. నందన కరువులో మా పెద్దాయన గుంటూరు సీమ నుంచి ఆకలితో నడుచుకుంటూ గోదావరి దాటి వచ్చాడు. ధవళేశ్వరం ఆనకట్ట కడుతుంటే కాటన్ దొర దగ్గర పనిలో చేరాడు. వరదలో కొట్టుకుపోతున్న కూలీలని ఈది కాపాడాడు. దొర మెచ్చుకుని ఊళ్ళో ఆరెకరాలు రాసిచ్చాడు. నందన కరువుకి వచ్చినవాడి పొలం కాబట్టి దానికి నందన చేను అని పేరు. పెద్దాయన 110 ఏళ్ళు బతికాడు. ఆ చేను తరతరాలుగా వచ్చింది. చివరికి మా చిన్నతాత, అంటే మా తాత సొంత తమ్ముడు, సంక్రాంతి కోడిపందేల్లో దాన్ని ఒడ్డి పోగొట్టాడు.

ఈ చివరి ముక్క మా ఇంట్లో ఎంత గట్టిగా నాటుకుపోయిందంటే, భోగి నాడు మా తమ్ముడు పందెం బరి వైపు అడుగు వేస్తే చాలు, మా నానమ్మ "చిన్నతాత దారి పట్టావా" అని గుమ్మంలోంచి కేకేసేది. చిన్నతాత పిల్లలతో రాకపోకలు లేవు. నా పెళ్ళికి వాళ్ళకి శుభలేఖ పోస్టులో వెళ్ళింది, బొట్టు పెట్టి పిలవడానికి మనిషి వెళ్ళలేదు. చిన్నతాత 1979లో పోతే నాన్న దినానికి వెళ్ళి భోజనం చేయకుండా వచ్చేశారు. ఆ మాట ఇప్పటికీ ఆయన్ని బాధపెడుతుంది.

మాస్టారి దగ్గరికి వెళ్ళేముందు రెండు మూడు దారులు చూశాం. అమెరికాలో ఉన్న మా తమ్ముడు ఉమ్మితో చేసే డీఎన్ఏ పరీక్ష చేయించుకున్నాడు. దక్షిణ భారతం అని ఒక రంగు, ఎక్కడెక్కడో ఉన్న దూరపు బంధువుల లిస్టు వచ్చాయి. చేను ఎవరిదో ఉమ్మి చెప్పదు కదా. వంశాల వివరాలు వెతికే ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటు కూడా చూశాను. ఉచితమే. హరిద్వారం లాంటి చోట్ల పండాలు, అంటే అక్కడి తీర్థ పురోహితులు, యాత్రికుల వంశాలు రాసుకున్న బహీలు అనే పుస్తకాలు ఫిల్ము తీసి పెట్టారు, అది గొప్ప పనే. మావాళ్ళు అక్కడికి వెళ్ళిన ఆనవాలు లేదు, కాబట్టి మాకు ఉపయోగపడలేదు. మీసేవలో ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల సర్టిఫికెట్, తీయించాం. అది 1983 నుంచే వస్తుంది, మాకు కావలసింది అంతకు ముందుది. ఊరి కరణం గారింట్లో అడుగుదామంటే, 1984లో కరణాల వ్యవస్థ తీసేశాక ఆ కట్టలు కొన్ని ఆఫీసుకి, కొన్ని అటక మీదకి, కొన్ని చెదపురుగులకి వెళ్ళాయి.

మా ఇంట్లో మిగిలింది ఒక రేకు ట్రంకు పెట్టె. 96 తుఫానులో దాంట్లోకి నీళ్ళు వెళ్ళాయి. నవంబరు 6 రాత్రి ఇంటి పెంకులు లేచిపోతే, నాన్న మర్నాడు ఆ కాగితాలన్నీ అరుగు మీద పరిచి, ఎగిరిపోకుండా కొబ్బరి డొక్కలు బరువు పెట్టి ఆరబెట్టారు. వాటి అంచులు ఇప్పటికీ గోధుమరంగులో అలలు అలలుగా ఉంటాయి. నేను ఇరవై ఆరేళ్ళుగా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తున్నాను. ఆ కాగితాల్లో ఒక్క వాక్యం చదవలేకపోయాను. అంతా గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా మాటకి మాట, పంక్తికి పంక్తి కలిపేసి రాసుకుపోయారు. తలకట్లు లేవు, మధ్యలో ఖాళీ లేదు, అంకెలన్నీ తెలుగు అంకెలు. ౨కి, ౭కి తేడా కూడా నేను పోల్చుకోలేకపోయాను.

మొదటిసారి నాన్నని తీసుకునే వెళ్ళాను. చించినాడ వంతెన దాటి రాజోలు మీదుగా నేను ఊరికి వెళ్ళి, ఆయన్ని ఆటోలో ఎక్కించుకుని అమలాపురం వచ్చేసరికి పదకొండైంది. గదిలో ఒక బల్ల, దీపం, పెద్ద భూతద్దం, గోడ నిండా ఎర్ర గుడ్డల్లో కట్టిన మూటలు. కర్పూరం, వేపాకు కలిసిన వాసన. మాస్టారు నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, కథంతా అడ్డు రాకుండా విన్నారు. అయ్యాక ఒకటే ప్రశ్న వేశారు.

"ఏ నందనండీ?"

నాన్నకి అర్థం కాలేదు. "కరువు నందనండి" అన్నారు.

"నందన అరవై ఏళ్ళకోసారి వస్తుంది కదండీ. 1832లో వచ్చింది, 1892లో వచ్చింది, 1952లో వచ్చింది. పెద్ద కరువు 1832–33ది. కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852లో పూర్తి చేశాడు. నందనలో వచ్చినాయన ఆనకట్ట దాకా పదిహేనేళ్ళు ఎక్కడున్నాడండీ?"

మా ఇంట్లో ఎవ్వరికీ తట్టని ప్రశ్న అది. ఇన్నేళ్ళుగా కరువూ, ఆనకట్టా ఒకే ఏడాది జరిగినట్టు చెప్పుకుంటూ వచ్చాం.

తర్వాత ఆయన తన పద్ధతి చెప్పారు. ఇది ఈ రివ్యూలో ముఖ్యమైన విషయం. ఆయన రాసిచ్చే పుస్తకంలో మూడు రకాల రాత ఉంటుంది. కాగితంలో కళ్ళతో చూసింది నీలం సిరాతో రాస్తారు. ఇంట్లో వాళ్ళు చెప్పింది ఎర్ర సిరాతో రాస్తారు, ఎవరు ఎప్పుడు చెప్పారో తారీఖు వేసి. తనకి తోచింది పెన్సిలుతో రాస్తారు. నీలం పక్కన ఏ ఆఫీసు, ఏ రిజిస్టరు, ఏ పేజీ అన్నది తప్పకుండా ఉంటుంది. "కాగితంలో లేనిది నీలంతో రాయనండి. ఉన్నది మీకు నచ్చకపోయినా రాస్తాను. దానికి ఒప్పుకుంటేనే పెట్టె ఇచ్చి వెళ్ళండి" అన్నారు. నాన్న నా వైపు చూశారు. నేను తలూపాను. వంశవృక్షం రాసిపెడతామని, మీది ఫలానా రాజుగారి వంశమని తేల్చే వాళ్ళు కూడా మన జిల్లాల్లో ఉన్నారు. వాళ్ళ దగ్గర అంతా ఒకే రంగు సిరా.

ముందు ఆయన చేసింది చాలా చిన్న పని. నాన్న చేత నందన చేను ఇప్పుడు ఎక్కడ ఉందో గట్టు మీద నిలబడి చూపించమన్నారు. దాని ఇప్పటి సర్వే నంబరు పట్టుకుని 22ఏ లిస్టులో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, చూశారు. అది దేవాదాయ భూమిగా ఉంది, మా ఊరి వేణుగోపాలస్వామి గుడి పేరు మీద. అది ఇప్పుడు గుడిదని ఊళ్ళో అందరికీ తెలిసిందే. పందెంలో గెలిచినవాడు పాపభీతితో గుడికి రాసిచ్చేశాడని మా ఇంట్లో దానికీ ఒక కథ ఉంది. మాస్టారు ఆ కథని ఎర్ర సిరాతో రాసుకుని, గుడి ఆస్తులు రాసే 43 రిజిస్టరు, ఊరి భూముల పాత సర్వే రిజిస్టరైన ఆర్.ఎస్.ఆర్. వెతకడం మొదలుపెట్టారు. రెండింటిలోనూ ఆ నంబరు ఎదురుగా ఇనాం అనే ఉంది. ఇనాం అనేసరికి ఆయన మొహం వెలిగింది. "మీ అదృష్టమండీ. జిరాయితీ, అంటే శిస్తు కట్టే మామూలు రైతు పొలమైతే మనుషులు దొరకరు. ఇనాం అయితే దొరుకుతారు" అన్నారు.

ఎందుకో ఆయన చెప్పినట్టే రాస్తాను, మీలో ఎవరికైనా పనికొస్తుంది. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ వేశారు. ఎవరి దగ్గర పన్ను లేని భూమి ఉందో, అది ఎలా వచ్చిందో ఊరూరా విచారించి రిజిస్టర్లు రాశారు. వాటినే ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు అంటారు, ఆఫీసుల్లో ఐ.ఎఫ్.ఆర్. అంటారు. లాయర్లు భూమి కేసుల కోసం వాటిని తీస్తారు. కానీ వాటిలో వంశం కూడా దాగి ఉంటుంది. ఇనాం దేనికిచ్చారు, ఎవరిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, ఆయన వయసెంత, మొదటాయనకి ఏమవుతాడు, ఇవన్నీ గడులు గడులుగా ఉంటాయి. జనన మరణాల లెక్కలు ఊళ్ళో సరిగా లేని రోజుల్లో, ఒక మనిషి వయసూ, అతని తాత పేరూ ఒకే వరసలో దొరకడం మామూలు విషయం కాదు.

దాని నకలు కోసం కాకినాడ వెళ్ళారు. మా జిల్లా 2022లో కోనసీమ అయింది కానీ పాత రికార్డు చాలావరకు పాత జిల్లా ఆఫీసులతోనే ముడిపడి ఉంది. ఒక ఆఫీసులో దరఖాస్తు రెండు నెలలు కదల్లేదు. ఆ సీటులో మనిషి మారాక కదిలింది. ఆలస్యంలో అది ఆయన తప్పు కాదు.

నకలు వచ్చిన రోజు ఫోన్ చేశారు. ఆదివారం నాన్నా నేనూ వెళ్ళాం. బల్ల మీద పెద్ద కాగితం పరిచారు. వెడల్పాటి పట్టిక, ఇంగ్లీషులో వాలు రాత. మాస్టారు ఒక స్కేలు తీసి మా వరస కింద పెట్టి, ఒక్కో గడి మీద వేలు పెడుతూ తెలుగులో చెప్పారు. ఫసలీ 1271. ఫసలీ అంటే పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం, కాబట్టి 1861. విస్తీర్ణం 2 ఎకరాల 14 సెంట్లు. ఆరెకరాలు కాదు. ఇచ్చినది అప్పటి జమీందారు, పేరు రాయలేదు. కాటన్ దొర ఊసే లేదు. అనుభవిస్తున్న మనిషి వయసు 45. మొదట పొందిన మనిషికి మనవడు. ఇద్దరి పేరూ ఒకటే. ఆ పేరే నాన్నది కూడా.

దేనికిచ్చారు అన్న గడి దగ్గర వేలు ఆపి, నాన్న చేతికి భూతద్దం ఇచ్చారు. నాన్నకి ఇంగ్లీషు కొద్దిగానే వచ్చు. అక్షరం అక్షరం కూడబలుక్కున్నారు. నం, ద, న, వ, నం.

నందనవనం. దేవుడికి పూలూ తులసీ ఇవ్వడానికి గుడి తోట పెంచాలి, ఆ పని చేసినంత కాలం ఈ భూమి అనుభవించాలి. అంతే ఉంది అందులో.

నందన సంవత్సరమూ కాదు, కరువూ కాదు. అది తోట. మేం గుంటూరు సీమ నుంచి ఆకలితో వచ్చిన వాళ్ళం కాదు. 1861లో 45 ఏళ్ళ మనిషి 1816 ప్రాంతంలో పుట్టి ఉంటాడు. అతని తాత అప్పటికే ఆ ఊళ్ళో వేణుగోపాలస్వామికి పూలు కోస్తున్నాడు. అంటే 1832 కరువు రాకముందే మేం అక్కడ ఉన్నాం.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నన్ను అడిగారు. "ముక్కోటి నాడు మీ నానమ్మ తులసిమాల గుర్తుందా?" గుర్తుంది. ముక్కోటి ఏకాదశి తెల్లవారుజామున మా ఇంటి నుంచి గుడికి తులసిమాల వెళ్ళి తీరాలి. జ్వరం వచ్చినా నానమ్మ లేచి కట్టేది. ఎందుకమ్మా అంటే, "మా అత్తగారు కట్టేది, మనం కట్టాలి" అనేది, అంతకుమించి ఆవిడకీ తెలీదు. ఊళ్ళో ఇంకెవరింటి నుంచీ అలా వెళ్ళేది కాదు. చేను పోయిన ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా మా ఇంటి ఆడవాళ్ళు ఏడాదికి ఒక్కరోజు ఆ సర్వీసు చేస్తూనే ఉన్నారు. ఇది చెప్తే మాస్టారు ఎర్ర సిరా పెన్ను తీసి, నాన్న పేరు, ఆ రోజు తారీఖు వేసి రాసుకున్నారు.

110 ఏళ్ళ ముచ్చట కూడా అక్కడే విడిపోయింది. మన ఇళ్ళల్లో తాత పేరు మనవడికి పెడతాం. మూడు తరాలు గడిచేసరికి ఒకే పేరున్న తాతా మనవడూ కథలో ఒకే మనిషైపోతారు. ఇద్దరి ఆయుష్షూ కలిసి 110 అవుతుంది. ఎవరింట్లోనైనా అంత ఆయుష్షున్న పెద్దాయన ఉంటే ముందు పేర్లు చూడండి అన్నారు మాస్టారు. కాటన్ సంగతికి పెన్సిలుతో ఒక వాక్యం మాత్రం రాశారు. చేనుకి ఉత్తరపు హద్దు సర్కారు కాలవ బోదె కాబట్టి, ఆనకట్ట తర్వాత నీళ్ళొచ్చి తోటకి బాగా కలిసొచ్చి ఉండవచ్చు, ఆ కృతజ్ఞత కథగా మారి ఉండవచ్చు అని. ఇప్పటికీ గోదావరి స్నానం సంకల్పంలో ఆయన్ని తలుచుకునే వాళ్ళున్న గడ్డ ఇది. ఆ పెన్సిలు వాక్యం నాకు నచ్చింది. నాన్నకి కొంచెం ఊరట ఇచ్చింది.

ఇక చిన్నతాత.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలకి రెండు ఇండెక్సులుంటాయి. ఒకటి మనుషుల పేర్ల మీద, రెండోది ఆస్తి మీద. మాస్టారు పేర్ల ఇండెక్సులో చిన్నతాత పేరుతో అమ్మకం గానీ తనఖా గానీ ఉందేమోనని ఇరవై ఏళ్ళ మేర వెతికించారు. నందన చేను మీద ఏమీ లేదు. ఆస్తి ఇండెక్సులో మాత్రం ఒకటి దొరికింది. 1938లో గుడి ధర్మకర్త ఆ భూమిని ఊళ్ళో ఇంకో రైతుకి కౌలుకిచ్చిన దస్తావేజు. ఏడాది దాటిన కౌలు కాబట్టి రిజిస్టరు చేయించారు, అందుకే మిగిలింది. అందులో నందనవనం సర్వీసు చేసే వాళ్ళు సర్వీసు మానేశారు కాబట్టి దేవస్థానం భూమిని స్వాధీనం చేసుకుందని కారణం రాసి ఉంది.

అంటే చేను పందెంలో పోలేదు. పోవడానికి వీల్లేదు. అది ఒడ్డడానికి గానీ అమ్మడానికి గానీ మా సొంతం ఎప్పుడూ కాదు, దేవుడిది. సర్వీసు ఆగింది, భూమి వెనక్కి వెళ్ళింది.

మరి సర్వీసు ఎందుకు ఆగింది? ఇది మాస్టారు అడగలేదు. నాన్నే గొంతు తగ్గించి చెప్పారు. మా ముత్తాత పోయింది 1936లో. పెద్ద కొడుకు మా తాత. ఆయన అప్పుడు రంగంలో ఉన్నాడు. మా వైపు రంగూన్‌ని రంగం అంటారు. కాకినాడ రేవులో ఓడెక్కి మా జిల్లా నుంచి వేలమంది అక్కడి బియ్యం మిల్లుల్లోకీ, హార్బరు పనికీ వెళ్ళేవారు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలనే పిలిచేవారు. తాత బియ్యం మిల్లులో చేశాడు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాక, అడవుల వెంట నడిచి, చిక్కి శల్యమై 1942లో ఇల్లు చేరాడు. ఆ నడక గురించి మా ఇంట్లో ఎన్ని కథలో. ఆయన ఊళ్ళో లేని ఆ ఏళ్ళల్లో తోటకి నీళ్ళు తోడడానికీ, రోజూ పూలు కోసి గుడికి చేర్చడానికీ ఉన్నది ఒక్కడే. తండ్రి పోయినప్పుడు చిన్నతాతకి పద్దెనిమిదేళ్ళు.

తాత వచ్చేసరికి చేను లేదు. ఏమైందని అడిగి ఉంటాడు. కోడిపందెం అన్న మాట ఎవరి నోట మొదట వచ్చిందో కాగితం చెప్పదు. చిన్నతాత పందేలు ఆడేవాడన్నది నిజమే కావచ్చు, మా ఊళ్ళో ఆడని వాళ్ళు తక్కువ. మాస్టారు పుస్తకంలో ఈ పేజీలో నీలం నాలుగు వాక్యాలే ఉంది. మిగతాదంతా ఎర్రసిరా. చివర పెన్సిలు గీత కూడా లేదు. ఇక్కడ మీకేం తోచలేదా మాస్టారూ అని నేను అడిగితే, "ఇది మీ ఇంటి సంగతమ్మా, నేను రాయకూడదు" అన్నారు.

ఇక లోపాల సంగతి. మూడు నెలలని చెప్పి ఐదు నెలలు చేశారు. రెండు నెలలు ఆఫీసు వల్ల అయినా, ఆ సంగతి మాకు ఫోన్ చేసి చెప్పవచ్చు. ఆయన ఫోన్ ఎత్తరు, తనకి పని పడితేనే చేస్తారు. ఎనభై రెండేళ్ళ మనిషి రోజూ సాయంత్రం ఏమైందమ్మా అని అడుగుతుంటే నాకు చాలా టెన్షన్‌గా ఉండేది. పుస్తకంతో పాటు ఇచ్చిన వంశవృక్షం కింద షాపులో డీటీపీ చేయించారు, దాంట్లో మూడు పేర్లు తప్పు పడ్డాయి.

అంతకంటే పెద్ద లోపం, ఆ మొదటి వృక్షంలో ఆడవాళ్ళు లేరు. భార్య అని ఒక గడి, కుమార్తెలు ఇద్దరు అని ఇంకో గడి, పేర్లు లేవు. దస్తావేజుల్లో ఉన్నదే వేశానమ్మా అన్నారు. ఆయన పద్ధతిలో అది సరైన జవాబే. కానీ మూడు రంగుల సిరా ఉన్నప్పుడు, నీలంలో దొరకని పేరు ఎర్రలో అడగాలి కదా. ఇది నేను గట్టిగానే చెప్పాను. ముక్కోటి మాల కట్టిన చేతులకి పేరు లేకుండా ఆ చెట్టు మా ఇంట్లో గోడకెక్కదన్నాను. ఆయన కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. నాన్నకి అక్క వరసైన ముసలావిడ ఒకరు ముమ్మిడివరంలో ఉంటే నేనూ మాస్టారూ కలిసే వెళ్ళాం. ఆవిడ మంచం మీద పడుకునే తొమ్మిది మంది ఆడవాళ్ళ పేర్లు, పుట్టిళ్ళతో సహా చెప్పింది. కొత్త చెట్టు మళ్ళీ వేయించి ఇచ్చారు, డబ్బు అడగలేదు. ఇప్పుడు వచ్చే వాళ్ళందరినీ ముందే ఆడవాళ్ళ పేర్లు అడుగుతున్నానని మొన్న చెప్పారు.

వెళ్ళాలనుకునే వాళ్ళకి రెండు మాటలు. ఆస్తి పంచుకోవడానికో, కేసు వేయడానికో అయితే ఆయన చేయరు, లాయరు దగ్గరికి వెళ్ళమంటారు. వారసుల సర్టిఫికెట్ కావాలంటే ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్ళాలి, అది వేరే పని. వెళ్ళేముందు ఇంట్లో పెద్దవాళ్ళ చేత కథని ఫోన్లో రికార్డు చేయించుకుని వెళ్ళండి. పొలాల పేర్లు ఊళ్ళో ఎలా పలుకుతారో అలాగే చెప్పండి, సవరించి చెప్పకండి. మేం నందన చేను అని కాకుండా సర్వే నంబరు మాత్రమే చెప్పి ఉంటే, ఆ గడి దగ్గర ఆయన వేలు ఆగేది కాదు. కాగితాలకి లామినేషన్ చేయించకండి, ప్లాస్టరు అంటించకండి. మా పెట్టెలో ఎవరో ప్లాస్టరు వేసిన ఒక క్రయ దస్తావేజు మీద, పసుపు పచ్చ జిగురు కింద రెండు పంక్తులు పూర్తిగా పోయాయి. ఆయన భూతద్దంతో గంట సేపు చూసి కూడా చదవలేకపోయారు.

పుస్తకం చేతికొచ్చిన వారం నాన్న రావులపాలెం వెళ్దామన్నారు. చిన్నతాత కొడుకు, నాకు బాబాయి, అక్కడే ఉంటారు, అరటి తోటలు. ముందుగా ఫోన్ చేయలేదు. మేం వెళ్ళేసరికి గెలలు లారీకి ఎక్కిస్తున్నారు. బాబాయి నాన్నని చూసి చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయారు. పిన్ని కుర్చీలు వేసింది. నాన్న కూర్చోకుండానే సంచిలోంచి కౌలు దస్తావేజు నకలు తీసి ఆయన చేతికిచ్చారు.

"చదవరా" అన్నారు.

బాబాయి కళ్ళజోడు పెట్టుకుని సాఫు ప్రతి మొత్తం చదివారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు. "నాన్న చెప్పేవాడన్నయ్యా, నేను ఒడ్డలేదురా అనేవాడు. మేమే నమ్మలేదు" అన్నారు. నాన్న ఏమీ అనలేకపోయారు. ఆయన భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయారు. ఆ రోజు మేం అక్కడే భోజనం చేశాం.

బయల్దేరేటప్పుడు బాబాయి లోపలికి వెళ్ళి పాత పంచెలో కట్టిన మూట ఒకటి తెచ్చారు. చిన్నతాత పెట్టెలోదట. గొలుసుకట్టు రాత కాబట్టి ఎవరూ చదవలేదట. ముడి విప్పితే పైన ఉన్న పోస్టు కార్డు మీద బర్మా స్టాంపు ఉంది. అడ్రసులో చిన్నతాత పేరు. కింద సంతకం ఒక్కటే మాకు అర్థమైంది, అది మా తాతది. అలాంటివి పదిహేడు కార్డులున్నాయి. సోమవారం బాబాయీ నాన్నా కలిసి అవి పట్టుకుని అమలాపురం వెళ్తున్నారు.